చలిదేశపు గడ్డి విత్తనం నెల్లూరు ఎండకి ఆగుతుందా? లాన్‌కి విత్తనం ఎంచుకోవడం ఎలా

ఏటా దీపావళి దాటి నాలుగు వానలు పడగానే ఈ ప్రశ్నలు మొదలవుతాయి. "ఆన్‌లైన్‌లో లాన్ గడ్డి విత్తనాలు కొన్నాం, ఫొటో భలే ఉంది, మన దగ్గర వస్తుందా?" అని ఒకరు అడుగుతారు. "మా అమ్మాయి వాళ్లింటి ముందు లాన్ చూసొచ్చాం, కావలిలో అదే గడ్డి వేయాలంటే ఏ విత్తనం కొనాలి?" అని ఇంకొకరు. "మొలిచింది సార్, శివరాత్రికి పచ్చగానే ఉంది, మే నెలకి వరిగడ్డి రంగుకి వచ్చేసింది" అని మూడో ఆయన. ముగ్గురికీ జవాబు పాకెట్ వెనకే ఉంది. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు వదిలేసి, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న గడ్డి పేరు చదవాలి.

ఆ తప్పు నేనూ చేశాను. ఒక డిసెంబరులో 'అమెరికన్ లాన్' అని రాసి ఉన్న పాకెట్ తెప్పించి ఇంటి ముందు చల్లాను. ఆరో రోజుకే మొలక. సంక్రాంతికి వచ్చిన చుట్టాలు చెప్పులు విడిచి మరీ నడిచారు. మా తోటపని చేసే ఆయన ఒక్కడే వంగి చూసి, "ఇది లాన్ మాదిరి లేదు సార్, నారు మాదిరుంది" అన్నాడు. నేను పట్టించుకోలేదు. మార్చి ఆఖరుకి పసుపు తిరిగింది. నీళ్లు చాలడం లేదనుకుని మూడు పూటలా పెట్టాను. ఏప్రిల్ సగానికి వేళ్లతో సహా కుళ్లి, చేత్తో లాగితే దుప్పటిలా లేచొచ్చింది. అప్పుడు పాకెట్ వెతికి చూస్తే వెనకవైపు 'పెరెన్నియల్ రైగ్రాస్' అని ఉంది. దొంగ సరుకేమీ కాదు, మంచి గడ్డే. మన ఊరికి పనికొచ్చేది కాదు, అంతే.

కాబట్టి కొనేముందు ఇది చదవండి. కొనేసి ఉంటే రెండో మెట్టు నుంచి చదవండి.

కావలసినవి

- పాకెట్ మీది వివరాలు, లేదా అమ్మే చోట దాని వెనకవైపు ఫొటో. ఫొటో పెట్టని చోట కొనొద్దు.
- కొలత టేపు.
- పాత నూలు గుడ్డ, మూత ఉన్న డబ్బా (మొలక పరీక్షకి).
- పలుగు, పార, ఇనుప పళ్ల రేక్, నేల చదును చేయడానికి పొడవాటి చెక్క.
- బాగా చివికిన దిబ్బ ఎరువు, ఏటి ఇసుక. సముద్రపు ఇసుక వద్దు, దాంతో ఉప్పు వస్తుంది.
- సన్నటి జల్లులా నీళ్లు పోసే క్యాన్ గానీ, పైపు చివర తగిలించే షవర్ గానీ.
- నాలుగైదు ఖాళీ గోనె సంచులు.
- బోరు నీళ్లు ఉప్పగా ఉంటే భూసార పరీక్ష కేంద్రంలో చేయించిన నీటి, మట్టి పరీక్ష.

1. గడ్డి ఏ జాతిదో తేల్చుకోండి

లాన్ గడ్డి రెండు రకాలు. చలిదేశపు గడ్డికి 15 నుంచి 24 డిగ్రీల మధ్య వాతావరణం ఇష్టం. ఎండకాలపు గడ్డి 27 నుంచి 35 డిగ్రీల మధ్య బాగా పెరుగుతుంది. నెల్లూరులో సంక్రాంతి నాటి చలికి కూడా రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, మే నెలలో పగలు 40 దాటుతుంది. గోధుమ మన జిల్లాలో ఎందుకు వేయరో, జొన్న ఎందుకు వేస్తారో తెలిసినవాళ్లకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. రైగ్రాస్‌ది గోధుమ తత్వం, గరికది జొన్న తత్వం.

పాకెట్ మీద ఈ పేర్లుంటే అది చలిదేశపు గడ్డి: కెంటకీ బ్లూగ్రాస్, పెరెన్నియల్ రైగ్రాస్, టాల్ ఫెస్క్యూ, ఫైన్ ఫెస్క్యూ (ఇందులోనే క్రీపింగ్ రెడ్, చూయింగ్స్, హార్డ్ అని రకాలుంటాయి), బెంట్ గ్రాస్. శాస్త్రీయ నామం మాత్రమే ఉంటే 'పోవా', 'లోలియం', 'ఫెస్టుకా', 'అగ్రోస్టిస్' అనే మొదటి మాటలు చూసుకోండి.

'బెర్ముడా', 'సైనోడాన్', 'జోయ్‌సియా', 'పాస్పాలమ్' అని ఉంటే ఎండకి ఆగే గడ్డి. ఈ బెర్ముడా ఏదో విదేశీ సరుకు అనుకునేరు. వినాయక చవితికి రెండు పోచలు కలిపి పూజ చేసే మన గరికే అది. సన్నటి ఆకు వచ్చేలా ఎంపిక చేసి పెంచిన రకాలను ఆ పేరుతో అమ్ముతారు.

'లాన్ మిక్స్', 'ఎవర్‌గ్రీన్', 'ఆల్ సీజన్' అని మాత్రమే రాసి, లోపల ఏ గడ్డి ఎంత శాతమో చెప్పకపోతే పక్కన పెట్టేయండి. చౌక మిశ్రమాల్లో ఏడాది గడ్డిని, అంటే 'యాన్యువల్ రైగ్రాస్'ని, ఎక్కువగా కలుపుతారు. గబగబా మొలుస్తుంది, కొనేవాడు సంతోషిస్తాడు, ఒక కాలం కాగానే పోతుంది. చలిదేశంలో వేసినా దాని గతి అంతే.

2. మీ ఊరికి ఏది, పిల్లల ఊరికి ఏది

నెల్లూరు, కావలి, గూడూరు, ఒంగోలు, కందుకూరు, పొదిలి, ఇలా మన వైపు ఎక్కడైనా చలిదేశపు గడ్డి వద్దు. నీడ వేసి, పూటపూటా నీళ్లు చల్లి కాపాడతామంటే మూడు నాలుగు నెలలు ఉంటుంది. చలికాలంలో పెళ్లి పందిరి ముందు పచ్చగా కనిపించాలంటే రైగ్రాస్ చల్లుకోండి, కాదనను. శాశ్వతంగా ఉండాలంటే మాత్రం కుదరదు. ఇప్పటికే రైగ్రాస్ పాకెట్ కొనేసినవాళ్లు ఈ పనికే వాడేయండి, డిసెంబరు మొదట్లో చల్లితే సంక్రాంతికి తివాచీ తయారు. తర్వాత అది పోయిందని ఏడవొద్దు.

దక్షిణాదిలో ఈ విత్తనం వేయాలంటే ఊటీ, కొడైకెనాల్ లాంటి ఎత్తైన కొండ ఊళ్లలోనే నయం.

పిల్లలు విదేశాల్లో ఇల్లు కొని, "నాన్నా, ఇక్కడ గడ్డి పోతోంది, ఏం వేయాలి?" అని ఫోన్ చేసే ఇళ్లు మన దగ్గర చాలానే ఉన్నాయి. వాళ్ల కోసం ఇది.

షికాగో, టొరంటో లాంటి ఎముకలు కొరికే చలి ఊళ్లలో ఎండ పడే స్థలానికి కెంటకీ బ్లూగ్రాస్ ఎక్కువగా, పెరెన్నియల్ రైగ్రాస్ తక్కువగా ఉన్న మిశ్రమం వేస్తారు. బ్లూగ్రాస్ నేల కిందుగా వేరుకాండాలు పాకించుకుంటుంది, మధ్యలో చిరుగు పడితే తనే పూడ్చుకుంటుంది. కానీ మొలవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. రైగ్రాస్ 5 నుంచి 10 రోజుల్లో మొలిచి, అంతదాకా మట్టిని పట్టి ఉంచుతుంది. రెండూ కలపడం అందుకే. ఇక్కడ చాలామంది చేసే పొరపాటేమిటంటే, రైగ్రాస్ మొలవగానే పని అయిపోయిందని నీళ్లు ఆపేస్తారు. అప్పటికి బ్లూగ్రాస్ ఇంకా కళ్లు తెరవలేదు.

చెట్ల నీడ ఎక్కువుంటే ఫైన్ ఫెస్క్యూ వేయాలి. వేసవి కాస్త గట్టిగా ఉండి, నీళ్లు పెట్టే ఓపిక లేని చోట టాల్ ఫెస్క్యూ. దీని వేళ్లు లోతుకి పోతాయి కాబట్టి బెట్టకి ఓర్చుకుంటుంది. ఇది గుబురుగా దుబ్బు కడుతుందే తప్ప పాకదు, ఖాళీ పడితే మళ్లీ విత్తనం చల్లుకోవాల్సిందే.

అక్కడ విత్తనం చల్లే అదను ఆగస్టు సగం నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా. నేల ఇంకా వెచ్చగా ఉంటుంది, గాలి చల్లబడుతుంది, కలుపు తగ్గుతుంది. వసంతంలో వేస్తే వేరు ముదిరేలోపే వేసవి వచ్చి పడుతుంది. డాలస్, హ్యూస్టన్ వైపు ఉన్న పిల్లలకు మాత్రం ఈ లెక్కేదీ వర్తించదు. అక్కడ ఇళ్ల ముందు ఎక్కువగా ఉండేది మన గరిక జాతి, సెయింట్ ఆగస్టీన్ జాతి గడ్డే.

ఒక హెచ్చరిక. వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఆ విత్తనాల పాకెట్ వేసుకురావొద్దు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం విదేశాల నుంచి విత్తనం తేవాలంటే దిగుమతి అనుమతి, అక్కడి అధికారులిచ్చిన మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. కావలసిన రకం ఇక్కడే దొరుకుతున్నప్పుడు ఆ టెన్షన్ ఎందుకు?

3. స్థలాన్ని ఒక రోజంతా గమనించండి

ఉదయం ఎనిమిదికి, పదకొండుకి, రెండింటికి, నాలుగింటికి స్థలం ఫొటో తీయండి. ఎండ ఎక్కడెక్కడ ఎంతసేపు పడుతోందో తెలిసిపోతుంది. ఆరు గంటలు నేరుగా ఎండ పడితేనే గరిక జాతి. అంతకంటే తక్కువైతే పలచబడి, పొడుగ్గా సాగి, మధ్యలో మట్టి కనిపిస్తుంది. ప్రహరీ గోడ, పక్కింటి మూడంతస్తుల నీడ కలిసి మూడు నాలుగు గంటల ఎండే ఉంటే, నర్సరీల్లో బఫెలో గడ్డి అని పిలిచే వెడల్పాటి ఆకు రకం తీసుకోండి. చూడ్డానికి కాస్త మోటుగా ఉంటుంది, నీడకి తట్టుకుంటుంది. మామిడి చెట్టు కింద చిక్కటి నీడలో ఏ గడ్డీ వేయకండి. అక్కడ రెండు కుర్చీలు వేసుకోవడం మేలు.

మట్టి గురించి. ఒంగోలు వైపు నల్లరేగడి మీద ఇల్లు కట్టినవాళ్లు "రెండు బస్తాల ఇసుక కలిపితే సరిపోతుందా?" అని అడుగుతుంటారు. సరిపోదు. రేగడిలో కొంచెం ఇసుక కలిపితే అది ఇంకా గట్టిపడుతుంది. పైన నాలుగైదు అంగుళాల మందంలో ఎర్రమట్టి, ఏటి ఇసుక, దిబ్బ ఎరువు కలిపిన పొర పరవడమే దారి. మెరక తోలించిన ప్లాటైతే మరీ జాగ్రత్త. పైన గ్రావెల్, కింద సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు ఉంటాయి. పలుగుతో జానెడు లోతు తవ్వి చూడందే విత్తనం కొనొద్దు.

మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో, రొయ్యల చెరువుల పక్కన ఉన్న స్థలాల్లో ఉప్పు సంగతి ముందు తేల్చుకోవాలి. నేల ఆరినప్పుడు పైన తెల్లటి పొర కడుతోందా? అది చౌడు. గరిక, జోయ్‌సియా కొంతవరకు ఉప్పుకి ఓర్చుకుంటాయి, అన్నిటికంటే బాగా ఓర్చుకునేది సీషోర్ పాస్పాలమ్. అదే కెంటకీ బ్లూగ్రాస్‌కి ఉప్పు పొడ గిట్టదు. తీరంలో చలిదేశపు విత్తనం వద్దనడానికి ఇది రెండో కారణం.

కనిగిరి, పొదిలి వైపు వాళ్లకి నా మాట వేరు. తాగే నీళ్లకే ఇబ్బంది ఉన్న చోట పెద్ద లాన్ పెట్టుకోవద్దు. వెయ్యి చదరపు అడుగుల గడ్డికి ఒక అంగుళం నీళ్లు ఇవ్వాలంటే 2,300 లీటర్ల పైన కావాలి. వారానికి ఒక అంగుళం అనేది మామూలు రోజుల లెక్క, వేసవిలో అది చాలదు. మూడు నాలుగు అంకణాల (రెండు మూడు వందల చదరపు అడుగుల) గడ్డి చాలు, కూర్చుని కాఫీ తాగడానికి.

4. విత్తనమా, తీగలా, షీట్లా?

నర్సరీలో 'కొరియన్ కార్పెట్', 'మెక్సికన్', 'సెలెక్షన్ వన్' అనే పేర్లు వింటారు. మన నర్సరీల్లో వీటిని తీగలతో, షీట్లతో (మట్టితో సహా చాపలా కోసిన గడ్డితో) పెంచుతారు, విత్తనంతో కాదు. ఈ పేర్లతో ఎవరైనా విత్తనాల పాకెట్ అమ్మితే అనుమానించండి. మన ఎండకి విత్తనంగా ధైర్యంగా కొనగలిగింది గరిక జాతి, అంటే బెర్ముడా.

విత్తనానికి ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. తీగలు నాటడం మధ్యే మార్గం: కణుపులున్న ముక్కలను మూడు నాలుగు అంగుళాల దూరంలో, ఒక కణుపైనా మట్టిలో ఉండేలా గుచ్చుతారు. గరిక రకాలు రెండు మూడు నెలల్లో అల్లుకుంటాయి, కొరియన్ కార్పెట్‌కి అంతకు రెట్టింపు సమయం పట్టొచ్చు. షీట్లు పరిస్తే ఆ సాయంత్రానికే పచ్చదనం. కడియం వైపు నర్సరీల నుంచి లారీల్లో వచ్చే షీట్లు చుట్టల్లో వేడెక్కుతాయి. దించగానే మధ్యలోంచి ఒక చుట్ట విప్పి చూడండి. లోపల పసుపు తిరిగి, పులిసిన వాసన వస్తుంటే తీసుకోవద్దు. వచ్చిన రోజే పరిచేయాలి, రేపటికి ఉంచకూడదు.

గృహప్రవేశం ముహూర్తం నెలలోపే ఉంటే షీట్లే వేయండి. విత్తనంతో ముహూర్తాన్ని అందుకోవాలని చూడొద్దు.

5. లేబుల్ చదవండి, లెక్క కట్టండి

లేబుల్ మీద గడ్డి జాతి, రకం, లాట్ నంబరు, పరీక్ష తేదీ, చెల్లుబాటు తేదీ, మొలక శాతం, స్వచ్ఛత శాతం ఉండాలి. మన దేశంలో ధ్రువీకరించిన విత్తనానికి నీలం ట్యాగు, కంపెనీ తన హామీ మీద అమ్మే విత్తనానికి లేత ఆకుపచ్చ లేబుల్ ఉంటాయి. లాన్ గడ్డికి మీకు కనిపించేది దాదాపుగా రెండోదే.

ఇక్కడ జనం మోసపోయేది పూత దగ్గర. విత్తనానికి రంగు పూత పూస్తే చల్లడం సులువు, చీమలు తక్కువగా ముట్టుకుంటాయి. కానీ ఆ పూత బరువు కూడా మీరు డబ్బిచ్చి కొంటున్నారు. పాకెట్‌లో సగం పూతే ఉండొచ్చు. లెక్క ఇలా కట్టండి: స్వచ్ఛత శాతాన్ని మొలక శాతంతో గుణించండి. స్వచ్ఛత 90, మొలక 80 అయితే నూటికి 72 వంతులు పనికొచ్చే విత్తనం, కేజీలో 720 గ్రాములు. పూత పూసిన పాకెట్‌లో స్వచ్ఛత 50, మొలక 85 అయితే కేజీలో 425 గ్రాములే. ధర పోల్చేటప్పుడు ఈ గ్రాములకి పోల్చండి, పాకెట్ బరువుకి కాదు.

గరిక విత్తనం పొట్టుతోనూ, పొట్టు తీసీ దొరుకుతుంది. పొట్టు తీసింది త్వరగా మొలుస్తుంది. ఇంటి లాన్‌కి అదే తీసుకోండి.

6. మొలక పరీక్ష చేయండి

దీన్ని మాత్రం ఎవరూ చేయరు, తర్వాత అందరూ బాధపడతారు. విత్తనం చాలా సన్నం, కళ్లద్దాలు పెట్టుకుని సరిగ్గా వంద లెక్కపెట్టండి. తడిపి పిండిన నూలు గుడ్డ మీద పరిచి, డబ్బాలో పెట్టి, మూత కొద్దిగా తెరిచి, వెలుతురు పడే వెచ్చటి చోట ఉంచండి. నేరుగా ఎండ వద్దు. గుడ్డ ఆరకుండా చూడండి. ఏడో రోజు ఒకసారి, పద్నాలుగో రోజు ఒకసారి మొలకలు లెక్కపెట్టండి.

డెబ్బై పైన మొలిస్తే మంచి విత్తనం. యాభై నుంచి డెబ్బై అయితే చల్లే మోతాదు ఆ మేరకు పెంచండి. యాభై లోపైతే వాపసు ఇచ్చేయండి. అందుకే పాకెట్ మొత్తం చింపకుండా మూల కత్తిరించి, చిటికెడు విత్తనమే తీయాలి.

7. ఎంత కావాలి

నెల్లూరులో అంకణం అంటే 72 చదరపు అడుగులు. 14 అంకణాలు కలిపితే సుమారు వెయ్యి చదరపు అడుగులు, గజాల్లో 111. తిరుపతి వైపు అంకణం ఇందులో సగమే, అక్కడి బంధువు చెప్పిన లెక్క ఇక్కడ వాడకండి.

వెయ్యి చదరపు అడుగులకి:

- పొట్టు తీసిన, పూత లేని గరిక విత్తనం: అర కేజీ నుంచి కేజీ.
- కెంటకీ బ్లూగ్రాస్ (చలిదేశంలో ఉన్నవాళ్లకి): కేజీ నుంచి కేజీన్నర.
- పెరెన్నియల్ రైగ్రాస్, టాల్ ఫెస్క్యూ: మూడు నుంచి నాలుగు కేజీలు.

తేడా ఎందుకంటే గింజ సైజు. కేజీ బ్లూగ్రాస్‌లో సుమారు 45 లక్షల గింజలుంటాయి, కేజీ రైగ్రాస్‌లో 5 లక్షలే. ఎక్కువ చల్లితే చిక్కగా వస్తుందని రెట్టింపు చేయకండి. కిక్కిరిసిన నారుమడిలా మొలిచి, గాలి ఆడక, వానకి కుళ్లు తెగులు పడుతుంది.

8. నేల సిద్ధం చేయండి, తుంగని పట్టుకోండి

ఈ మెట్టు మీదే ఎక్కువ రోజులు పెట్టండి. మన లాన్లను చంపేది ఎండ కాదు, తుంగ. చెరువు మట్టితోనో, చివకని ఎరువుతోనో దాని గడ్డలు వస్తాయి. గడ్డి మధ్యలోంచి ముదురు మెరుపుతో, అందరికంటే ముందు లేచి నిలబడేది అదే. పైన పీకితే కింద గడ్డ మిగులుతుంది, ఆ గడ్డ మళ్లీ మొలకెత్తుతుంది.

ఆరేడు అంగుళాల లోతు తవ్వి, రాళ్లు, గడ్డలు ఏరేయండి. చదును చేసి, విత్తనం వేయకుండా ఉత్త నీళ్లు పెట్టండి. పది పదిహేను రోజుల్లో తుంగ, కలుపు లేస్తాయి. పారతో చెక్కకండి, పలుగుతో లేపి గడ్డతో సహా తీయండి. మళ్లీ నీళ్లు పెట్టండి, మళ్లీ తీయండి. ఇలా కనీసం రెండుసార్లు. మే నెలలో నేల తడిపి, పైన పల్చటి, అవతలివైపు కనిపించే పాలిథిన్ కప్పి, అంచులు మట్టితో మూసి, నాలుగైదు వారాలు వదిలేస్తే చిన్న విత్తనాల కలుపు చాలావరకు ఉడికిపోతుంది. తుంగ గడ్డలు మాత్రం పూర్తిగా చావవు, వాటికి చేతిపనే.

తర్వాత వెయ్యి అడుగులకి ఎనిమిది పది గంపల జల్లించిన దిబ్బ ఎరువు కలిపి, చెక్కతో చదును చేయండి. ఇంటి వైపు నుంచి బయటికి ప్రతి పదడుగులకి ఒకటి రెండు అంగుళాల వాలు ఉండాలి. వాలు సరిగా ఉందో లేదో చూడటానికి బకెట్ నీళ్లు కుమ్మరించండి. గంట తర్వాత ఎక్కడ నిలిచి ఉన్నాయో అక్కడే రేపు గడ్డి కుళ్లేది.

9. అదను చూసి చల్లండి

మనకి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. వాయుగుండం పట్టిన వారంలో చల్లితే విత్తనమంతా గేటు దగ్గర తేలుతుంది. తీగలు నాటడానికి ఆ కాలం బాగుంటుంది, విత్తనానికి కాదు. బోరు ఉన్నవాళ్లకి నేను చెప్పేది సంక్రాంతి దాటాక, ఫిబ్రవరి. ప్రకాశం జిల్లాలో జూలై, ఆగస్టు చిరుజల్లుల్లో కూడా వేసుకోవచ్చు. ఏప్రిల్, మే, ఇంకా రోహిణి కార్తె వెళ్లేదాకా వద్దు.

విత్తనానికి ఐదారు రెట్లు పొడి ఇసుక కలపండి. దాన్ని రెండు భాగాలు చేసి, ఒకటి తూర్పు పడమరలుగా, రెండోది ఉత్తర దక్షిణాలుగా నడుస్తూ చల్లండి. గాలి లేని పొద్దున పూట మంచిది. రేక్ వీపుతో తేలిగ్గా దువ్వండి. విత్తనం అర సెంటీమీటరుకి మించి లోతుకి పోకూడదు. లోతుగా పోతే మొలక పైకి రాలేదు. తర్వాత నీళ్లు నింపిన డ్రమ్ము ఒకసారి దొర్లించినా చాలు, చెక్క వేసి తొక్కినా చాలు.

సరిగా పడిందో లేదో చూసుకోవాలంటే, చల్లాక దువ్వకముందు మోకాళ్ల మీద కూర్చుని అంగుళం చదరంలో గింజలు లెక్కపెట్టండి. గరిక విత్తనం పది పదిహేను కనిపిస్తే సరిపోయినట్టే.

పైన తడి గోనె సంచులు పరవండి. వరిగడ్డి పరిచేవాళ్లున్నారు, దాంట్లో మిగిలిన వడ్లు మొలిచి లాన్‌లో నారు లేస్తుంది. గోనె అయితే ఐదో రోజు నుంచి రోజూ ఎత్తి చూడండి, తెల్లటి మొలక కనిపించగానే సాయంత్రం పూట తీసేయండి. రెండు రోజులు ఆలస్యమైతే మొలకలు సంచిలోకి అల్లుకుని దానితోపాటే వచ్చేస్తాయి. చీమలు బారులు కట్టి విత్తనం మోసుకుపోతుంటే, వాటి పుట్ట ఎక్కడుందో చూసి ముందు దాని పని పట్టండి.

10. నీళ్లు, ఎరువు, మొదటి కోత

గరిక 7 నుంచి 14 రోజుల్లో మొలుస్తుంది, కొన్ని గింజలు మూడో వారం దాకా లాగుతాయి. మొదటి రెండు వారాలు రోజుకి మూడు నాలుగుసార్లు, కొంచెం కొంచెంగా చల్లండి. నేల పైపొర ఆరకూడదు, నీళ్లు పారకూడదు. పైపు నేరుగా పెట్టి కొడితే విత్తనం గుట్టలు పడుతుంది, తర్వాత అక్కడ గుబురు, ఇక్కడ బట్టతల.

మొలిచాక రోజుకి ఒకసారి. మొదటి కోత అయ్యాక రెండు మూడు రోజులకొకసారి, కానీ లోతుగా తడవాలి. ఎంత తడిసిందో తెలియాలంటే పొడవాటి స్క్రూడ్రైవర్ గుచ్చండి. నాలుగైదు అంగుళాలు సులువుగా దిగితే చాలు. నీళ్లు అన్ని మూలలకీ సమానంగా పడుతున్నాయో లేదో చూడటానికి నాలుగు స్టీలు గిన్నెలు అక్కడక్కడా పెట్టి, పావుగంట తర్వాత పోల్చండి.

నెల దాటాక 14 అంకణాలకి అర కేజీ యూరియా, ఇసుకలో కలిపి, ఆకులు పొడిగా ఉన్నప్పుడు సాయంత్రం చల్లి వెంటనే నీళ్లు పెట్టండి. చేత్తో చల్లి, నీళ్లు రేపు పెడదాంలే అనుకుంటే పొద్దున్నే గోధుమరంగు మచ్చలు.

రెండు మూడు అంగుళాలు పెరిగాక మొదటి కోత. ఒక కోతలో మూడో వంతుకి మించి తీయకూడదు. మన గరికని ఒకటి నుంచి ఒకటిన్నర అంగుళం ఎత్తులో ఉంచుకోవచ్చు. చలిదేశపు గడ్డిని రెండున్నర నుంచి మూడున్నర అంగుళాల మధ్య ఉంచాలి, అక్కడున్న పిల్లలు మన లాన్ ఫొటో చూసి నున్నగా గీకేస్తే కలుపు పడుతుంది. కోసేముందు నాలుగు పోచలు పట్టి లాగి చూడండి. వేళ్లతో వచ్చేస్తే ఇంకో వారం ఆగండి.

ఎక్కడ పొరపాటు జరిగిందో ఎలా తెలుస్తుంది

మూడు వారాలైనా ఏమీ మొలవకపోతే మట్టి కొంచెం గోకి చూడండి. గింజ గట్టిగా ఉంటే తడి చాలలేదు. మెత్తగా నలిగితే కుళ్లిపోయింది, నీళ్లు ఎక్కువయ్యాయి. గింజే కనిపించకపోతే చీమలో, పిట్టలో, వానో. డబ్బాలో పెట్టిన పరీక్ష బాగా వచ్చి, నేల మీద రాకపోతే తప్పు విత్తనానిది కాదు, అమ్మినవాళ్లతో గొడవ పెట్టుకోకండి.

వరసలు వరసలుగా మొలిస్తే చల్లడంలో తేడా. నలభై రోజులు దాటాక అరచేతి కంటే పెద్ద ఖాళీలుంటే మళ్లీ విత్తనం వేయక్కర్లేదు, చిక్కగా ఉన్న చోట నుంచి కణుపులున్న తీగలు తెచ్చి గుచ్చండి. ఇది గరికతో ఉన్న సుఖం. టాల్ ఫెస్క్యూ వేసుకున్నవాళ్లకి ఈ వీలు లేదు.

మే నెలలో మంచి గరిక లాన్ కూడా కాస్త రంగు తగ్గుతుంది. వెంటనే యూరియా వేయకండి, మూడు పూటలా నీళ్లు పెట్టకండి. తెల్లవారుజామున ఒకసారి లోతుగా పెట్టి, కోత ఎత్తు అర అంగుళం పెంచండి. అయినా భయమేస్తే ఒక దుబ్బుని మెల్లగా లేపి, మట్టికి తగిలే చోట గోటితో గీరి చూడండి. లోపల తెల్లగా, గట్టిగా ఉంటే బతికే ఉంది, జూన్ జల్లు కోసం చూస్తోంది. గోధుమరంగులో, పీచులా నలిగిపోతే ఆ దుబ్బు పోయినట్టే. అప్పుడు పాకెట్ వెనకవైపు ఇంకోసారి చదవండి.